పసుపు దుంపకు మేలుచేసే శిలీంధ్రాల రక్షణ

(ప్రత్యేక వ్యాసం)

శుభకార్యమైనా, వంటకమైనా పసుపు లేనిదే తెలుగువారి ఇంట పూర్తి కాదు. ఇంటి అవసరాలకే కాక ఔషధాలకు, రంగులకు, ఎగుమతులకు కూడా పసుపు ముఖ్యమైన ముడిసరుకు. 2022-23 సంవత్సరంలో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో పసుపు సాగు కాగా 11.61 లక్షల టన్నుల దిగుబడి లభించింది. ప్రపంచ ఉత్పత్తిలో ఇది 75 శాతానికి పైబడిన వాటా. పసుపును అధికంగా పండించే రాష్ట్రాలలో మహారాష్ట్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు ముందున్నాయి. తెలంగాణలో నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు జిల్లా దుగ్గిరాల, వైఎస్సార్ కడప జిల్లా మైదుకూరు పరిసరాలు, పాడేరు ఏజెన్సీ ప్రాంతం పసుపు సాగుకు పేరు పొందాయి. జాతీయ పసుపు బోర్డును నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో ప్రారంభించడం ఈ పంటకున్న ప్రాధాన్యాన్ని చాటుతున్నది.

అయితే పసుపు రైతు పెట్టుబడి మొత్తం భూమి లోపల ఉంటుంది. ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ళ విత్తన దుంపలను నాటి, రకాన్ని బట్టి ఏడు నుంచి తొమ్మిది నెలలు కనిపెట్టుకుని ఉండాలి. జూన్, జూలై మాసాలలో నాటిన పంట ఆగస్టు, సెప్టెంబరు వానలకు దుంపకుళ్ళు తెగులు బారిన పడితే, పైన ఆకు పచ్చగా ఉండగానే లోపల దుంప చెడిపోవడం మొదలవుతుంది. ఈ తెగులు నుండి పంటను కాపాడుకోవడానికి రైతుకు అందుబాటులో ఉన్న మార్గాలలో మేలుచేసే వేరు శిలీంధ్రాల వినియోగం ఒకటి. ఖర్చు తక్కువ, నేలకు హాని లేదు. కాని ఇది పనిచేసే తీరు రసాయన మందు పనిచేసే తీరుకు భిన్నమైనది. ఆ తేడాను గ్రహించి వాడిన రైతుకే ఫలితం దక్కుతుంది.

దుంపకుళ్ళు ఎట్లా వ్యాపిస్తుంది

దుంపకుళ్ళుకు ప్రధాన కారకం పిథియం జాతికి చెందిన సూక్ష్మజీవి. పలు చోట్ల ఫ్యుజేరియం అనే శిలీంధ్రం కూడా దీనికి తోడవుతుంది. పిథియంను వాడుకలో శిలీంధ్రంగానే వ్యవహరించినా, శాస్త్రవేత్తలు దానిని నీటిలో వర్ధిల్లే వేరొక వర్గం జీవిగా గుర్తించారు. రైతుకు ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉన్నది. మట్టి రేణువుల మధ్య నీరు నిలిచినప్పుడు పిథియం బీజాలు ఆ నీటిలో ఈదుకుంటూ ఒక మొక్క వేరు నుంచి మరొక మొక్క వేరుకు చేరగలవు. ఎడతెరిపి లేని వానలు, మురుగునీరు పోని చేలు, బంక నేలలు ఈ తెగులుకు అనుకూలించడానికి కారణం ఇదే. వాతావరణం అనుకూలించని కాలంలో ఈ జీవి మందపాటి గోడ గల బీజాల రూపంలో నేలలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండగలదు.

తెగులు సోకిన మొక్కలో ముందుగా కింది ఆకుల అంచులు ఎండుతాయి. క్రమంగా ఆకు మొత్తం పసుపు రంగుకు మారి వాలిపోతుంది. నేలకు ఆనుకుని ఉన్న కాండం మొదలు నీటితో నానినట్లు మెత్తబడుతుంది. మొక్కను పట్టి లాగితే సునాయాసంగా ఊడి వస్తుంది. లోపలి దుంప నారింజ వన్నె కోల్పోయి గోధుమ రంగుకు మారి, మెత్తబడి, దుర్వాసన వస్తుంది. ఇటువంటి దుంపలలో దుంపతొలుచు ఈగ పిల్లపురుగులు కూడా తరచుగా కనిపిస్తాయి.

పసుపులో విత్తనమూ దుంపే, పంటా దుంపే. తెగులు సోకిన చేను నుండి ఏరిన విత్తనం పైకి ఆరోగ్యంగా కనిపించినా, తనతోపాటు తెగులును మరుసటి ఏటి చేనుకు మోసుకుపోగలదు. నేల ద్వారా, నీటి ద్వారా, విత్తనం ద్వారా మూడు దారులలో వచ్చే తెగులును ఒక్క పిచికారీతో నివారించడం సాధ్యం కాదు.

ఆకు వాడేనాటికి ఆలస్యం

సాధారణంగా ఆకులు వాడిన తరువాతనే రైతు తెగులును గుర్తించి మందుల దుకాణానికి వెళుతున్నాడు. అప్పటికే ఆ మొక్క దుంప చాలా వరకు కుళ్ళి ఉంటుంది. మొదళ్ళ వద్ద పోసిన మందు పక్క మొక్కలకు తెగులు పాకకుండా కొంత అడ్డుపడగలదే తప్ప, కుళ్ళిన దుంపను తిరిగి బాగుచేయలేదు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వబోవడం వంటిదే ఈ ప్రయత్నం. పైగా దుంప భూమిలోనే ఎదిగే పంట కనుక, అవసరానికి మించి నేలలో పోసిన రసాయనాల అవశేషాలు సరుకులో మిగిలే ప్రమాదం ఉన్నది. దిగుమతి చేసుకునే దేశాలు ఈ అవశేషాలను పరీక్షించిన తరువాతనే సరుకును అనుమతిస్తున్నాయి.

అందువలన దుంప నాటడానికి ముందే, నాటే సమయంలోనే రక్షణ ఏర్పాటు చేయవలసి ఉంటుంది. ఈ పనికి ట్రైకోడెర్మా, వామ్ అనే రెండు రకాల మేలుచేసే శిలీంధ్రాలు ఉపకరిస్తున్నాయి. మొదటిది వేరు చుట్టూ మట్టిలో కాపలా కాస్తుంది. రెండవది వేరు లోపలే కాపురముండి మొక్కకు బలం చేకూరుస్తుంది.

ట్రైకోడెర్మా పనిచేసే తీరు

ట్రైకోడెర్మా సాధారణంగా అన్ని నేలలలో సహజంగా ఉండే శిలీంధ్రం. 1794 లోనే శాస్త్రవేత్త పెర్సూన్ ఈ ప్రజాతికి పేరుపెట్టారు. అయితే ఇది ఇతర శిలీంధ్రాలపై పరాన్నజీవిగా బతకగలదని 1932 లో వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త వెల్లడించిన తరువాతనే పంటల రక్షణలో దీని ఉపయోగంపై దృష్టి మళ్ళింది. నేడు విరిడి, హార్జియానం, ఆస్పెరెల్లం అనే జాతులు విరివిగా వాడుకలో ఉన్నాయి. గతంలో విరిడిగా పిలిచిన పలు రకాలను ఆ తరువాతి పరిశోధనలలో ఆస్పెరెల్లంగా గుర్తించారు. అందుచేత ప్యాకెట్ల మీద పేర్లలో తేడా కనిపించినా రైతులు సందేహించనవసరం లేదు.

ట్రైకోడెర్మా నాలుగు విధాలుగా పంటకు మేలుచేస్తుంది. మొదటిది స్థలం కోసం, ఆహారం కోసం పోటీ. ఇది అతి వేగంగా పెరుగుతుంది. వేరు చుట్టూ ముందుగా స్థిరపడితే తెగులు కారక జీవికి అక్కడ చోటు, ఆహారం దొరకవు. రెండవది నేరుగా దాడి. తెగులు కారక పోగులను తన పోగులతో పెనవేసుకుని, వాటి గోడలను కరిగించే ఎంజైములను స్రవించి, లోపలి సారాన్ని పీల్చుకుంటుంది. ఫ్యుజేరియం గోడలో ఉండే కైటిన్‌ను, పిథియం గోడలో ఉండే గ్లూకాన్, సెల్యులోజ్‌లను కరిగించగల ఎంజైములు రెండూ దీనికి ఉన్నాయి. మూడవది తెగులు జీవుల ఎదుగుదలను అరికట్టే పదార్థాలను విడుదల చేయడం. నాలుగవది మొక్కలోని సహజ రోగనిరోధక శక్తిని మేల్కొలపడం. వేరుపై ట్రైకోడెర్మా చేరినట్లు గ్రహించిన మొక్క తన రక్షణ ఏర్పాట్లను ముందుగానే సిద్ధం చేసుకుంటుంది.

ఈ నాలుగు పనులలో ఏ ఒక్కటీ కుళ్ళిపోయిన దుంపను బాగుచేసేది కాదు. అన్నీ తెగులు రాకముందు చేసేవే. ట్రైకోడెర్మాను ముందుగా నిలిపే కాపలాదారుగా భావించాలే తప్ప వైద్యునిగా భావించరాదని ఇందువలన స్పష్టమవుతున్నది.

వేరులో కాపురముండే శిలీంధ్రాలు

రైతులు వామ్ అని పిలిచే జీవన ఎరువులో ఉండేవి మైకోరైజా శిలీంధ్రాలు. మైకోరైజా అంటే శిలీంధ్రంతో కూడిన వేరు అని అర్థం. 1885 లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. స్కాట్లాండ్‌లో లభించిన, దాదాపు 40 కోట్ల సంవత్సరాల నాటి మొక్కల శిలాజాలలో కూడా ఈ శిలీంధ్రాల ఆనవాళ్ళు కనిపించాయి. భూమిపై మొక్కలు నిలదొక్కుకున్న తొలినాళ్ళ నుండే ఈ స్నేహం కొనసాగుతున్నదని దీనిని బట్టి తెలుస్తున్నది.

వామ్ శిలీంధ్రం వేరు కణాలలోనికి ప్రవేశించి చిన్న చెట్టు కొమ్మల ఆకారంలో విస్తరిస్తుంది. మరొకవైపు తన పోగులను మట్టిలోనికి కొన్ని సెంటీమీటర్ల దూరం వరకు పంపుతుంది. నేలలో భాస్వరం ఉన్నచోటు నుండి కదలదు. వేరు తన చుట్టూ ఉన్న ఒకటి, రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరాన్ని తీసుకున్న తరువాత, ఆ పక్కనే ఉన్న నిల్వను అందుకోలేదు. వేరు వెంట్రుకల కన్నా సన్నని శిలీంధ్రపు పోగులు ఆ నిల్వను అందుకుని మొక్కకు చేరుస్తాయి. జింకు, రాగి వంటి సూక్ష్మపోషకాలు కూడా ఇదే దారిలో వస్తాయి. అందుకు బదులుగా మొక్క తాను ఆకులలో తయారుచేసుకున్న ఆహారంలో కొంత భాగాన్ని శిలీంధ్రానికి ఇస్తుంది. పసుపు వేర్లు ఈ శిలీంధ్రాలకు సహజంగా ఆశ్రయమిస్తాయి.

తెగులు విషయంలో వామ్ నేరుగా దాడి చేయదు. వేరులో తాను ఆక్రమించిన చోటుకు తెగులు జీవిని రానీయకపోవడం, మొక్కకు సమతుల పోషణ అందించి తట్టుకునే శక్తిని పెంచడం, మొక్క రక్షణ వ్యవస్థను చైతన్యపరచడం దీని పాత్ర. అందువలన ట్రైకోడెర్మా, వామ్ ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. రెండింటి పనులు వేరు.

ఈ సందర్భంలో మన దేశంలోనే కనుగొన్న మరొక శిలీంధ్రాన్ని కూడా ప్రస్తావించవలసి ఉన్నది. రాజస్థాన్‌లోని థార్ ఎడారి మొక్కల వేర్ల వద్ద లభించిన పిరిఫార్మోస్పోరా ఇండికాను 1998 లో అజిత్ వర్మ తదితర శాస్త్రవేత్తలు కొత్త జాతిగా ప్రకటించారు. వామ్ శిలీంధ్రాలు బతికి ఉన్న వేరు మీద తప్ప పెరగవు. ఇది మాత్రం ప్రయోగశాలలో పోషక ద్రావణంలోనే పెరుగుతుంది. పసుపుతో కలిపి పెంచినప్పుడు దిగుబడిలో, దుంపలోని కర్‌క్యుమిన్‌లో పెరుగుదల కనిపించినట్లు 2014 లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది.

విత్తన శుద్ధి తొలి మెట్టు

మేలుచేసే శిలీంధ్రాల వినియోగం ఆరోగ్యవంతమైన విత్తనంతో ఆరంభం కావాలి. దుంపకుళ్ళు కనిపించిన చేను నుండి, ఎంత బాగున్నట్లు తోచినా, విత్తనం తీసుకోరాదు. మెత్తబడినవి, రంగు మారినవి, దెబ్బ తగిలినవి, పురుగు తొలిచినవి ఏరి వేయాలి.

సాధారణ సాగులో విత్తన దుంపలను లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణంలో సుమారు 40 నిమిషాలు నానబెట్టి, తీసి నీడలో ఆరబెట్టాలి. దుంపలు పూర్తిగా ఆరిన తరువాత లీటరు నీటికి 5 గ్రాముల ట్రైకోడెర్మా కలిపిన ద్రావణంలో 30 నిమిషాలు ఉంచి, మరల నీడలోనే ఆరబెట్టి నాటుకోవాలి. ఈ రెండింటినీ ఒకే ద్రావణంలో కలపరాదు. ముందు రసాయనం, ఆరిన తరువాత జీవ శిలీంధ్రం అనే వరుసను తప్పక పాటించాలి. వరుస తారుమారైతే దుంపకు పట్టించిన మేలుచేసే శిలీంధ్రాన్ని రైతు తన చేతులతోనే చంపుకున్నట్లవుతుంది. సేంద్రియ విధానంలో పండించే రైతులు రసాయన ద్రావణాన్ని మినహాయించి, విత్తనం ఎంపికలో మరింత జాగ్రత్త వహించి, ట్రైకోడెర్మాతో మాత్రమే శుద్ధి చేసుకోవచ్చు.

పశువుల ఎరువులో వృద్ధి చేయడం ఎందుకు

విత్తన శుద్ధి దుంపను కాపాడుతుంది. నేలలో దాగిన తెగులును ఎదుర్కోవడానికి నేలకు కూడా ట్రైకోడెర్మాను అందించాలి. కొందరు రైతులు ప్యాకెట్‌ను తెచ్చి నేరుగా చేలో చల్లుతున్నారు. ఇందువలన ఆశించిన ప్రయోజనం కలగదు. కారణం చిన్న లెక్కతో అర్థమవుతుంది. నిబంధనల ప్రకారం గ్రాము పొడిలో కనీసం 20 లక్షల సజీవ శిలీంధ్ర కణాలు ఉండాలి. ఆ లెక్కన 2 కిలోల పొడిలో 400 కోట్ల కణాలు ఉంటాయి. వినడానికి ఇది పెద్ద సంఖ్యే. కాని ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువే సుమారు 9 లక్షల కిలోలు. ఆ మట్టి అంతటా సమానంగా చల్లితే గ్రాము మట్టికి వచ్చేది నాలుగైదు కణాలు మాత్రమే. ఆహారం లేని మట్టిలో, ఎండ వేడిమిలో అవి కూడా నిలవవు.

అందుకే ట్రైకోడెర్మాను ముందుగా సేంద్రియ పదార్థంలో వృద్ధి చేసి, అక్కడ దాని సంఖ్యను అనేక రెట్లు పెంచి, ఆహారంతో సహా మొక్క వేర్ల దగ్గరికి చేర్చవలసి ఉంటుంది. ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మా పొడిని 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలపాలి. చెట్టు నీడలో గాని, పాక కింద గాని కుప్పగా పోసి, పలుచని బెల్లం నీటిని చిలకరించి, తడి గోనె పట్టాలు కప్పాలి. పిడికిట బిగించి పట్టినప్పుడు ముద్ద కట్టాలి గాని నీరు కారరాదు. అదే సరైన తేమ. రెండు, మూడు రోజులకొకసారి తిరగవేసి, ఆరినట్లుంటే నీరు చల్లుతూ ఉండాలి. 7 నుంచి 10 రోజులలో కుప్పపై తెల్లని బూజు, ఆ తరువాత ఆకుపచ్చని పొర కనిపిస్తాయి. ఆకుపచ్చ వన్నె ట్రైకోడెర్మా సిద్ధమైనదనడానికి గుర్తు.

ఇట్లా సిద్ధమైన ఎరువును దుంపలు నాటే సమయంలో సాళ్ళలో, నేల తడిగా ఉన్నప్పుడు, సాయంత్రం వేళ వేసి వెంటనే మట్టితో కప్పాలి. పచ్చి పేడలో, ఇంకా వేడి వెలువడుతున్న దిబ్బ ఎరువులో ట్రైకోడెర్మా కలపరాదు. ఆ వేడికి శిలీంధ్రం చనిపోతుంది. దిబ్బ పూర్తిగా మాగి, చేయి పెడితే చల్లగా తగిలినప్పుడే కలపాలి. తెగులు తరచుగా వచ్చే చేలలో, వానలు ముమ్మరించక మునుపు, మట్టి ఎగదోసే సమయంలో ఇదే విధంగా మరొకసారి వేసుకోవడం మంచిది.

వామ్ వాడకంలో మెళకువలు

వామ్ మట్టితోను, తరిగిన వేర్లతోను కూడిన మిశ్రమంగా లభిస్తుంది. ఇది వేరుకు తగిలినప్పుడే పనిచేస్తుంది. చేనంతా వెదజల్లడం వృథా. ఎకరాకు సాధారణంగా 4 నుంచి 5 కిలోల చొప్పున, ప్యాకెట్‌పై సూచించిన మోతాదు ప్రకారం, మాగిన పశువుల ఎరువుతో కలిపి విత్తన దుంప కింద పడేటట్లు వేయాలి.

వామ్ విషయంలో రెండు అంశాలు గమనించవలసినవి. నీరు నిలిచే వరి పొలాలలో వామ్ శిలీంధ్రాల సంఖ్య తగ్గుతుంది. వరి తరువాత పసుపు వేసే రైతులకు బయటి నుండి వామ్ అందించడం వలన ప్రయోజనం కలిగే అవకాశం ఎక్కువ. రెండవది, భాస్వరం ఎరువును మితిమీరి వేసిన నేలలో మొక్క వామ్‌ను దరిచేరనీయదు. కావలసిన భాస్వరం సులభంగా దొరికినప్పుడు శిలీంధ్రానికి ఆహారం ఇచ్చి పోషించవలసిన అవసరం మొక్కకు ఉండదు. అందువలన భూసార పరీక్ష చేయించి, దాని ఫలితం ప్రకారమే భాస్వరం వాడాలి.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో పసుపులో మొక్కజొన్నను అంతర పంటగా వేయడం వాడుక. మొక్కజొన్న వేర్లపై వామ్ శిలీంధ్రాలు బాగా వృద్ధి చెందుతాయి. వామ్ తయారీ కేంద్రాలలో కూడా ఈ మొక్కనే పెంచి, సుమారు 60 రోజుల తరువాత పైభాగం కోసివేసి, వేర్లను ముక్కలుగా తరిగి మట్టితో కలిపి వాడుతున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఇటువంటి జీవ సంబంధ ఉత్పత్తులను రైతు స్థాయిలో తయారుచేసుకునే పద్ధతులపై శిక్షణ ఇస్తున్నది.

కొనేటప్పుడు చూడవలసినవి

జీవ శిలీంధ్ర ఉత్పత్తిలో సరుకు ప్రాణమున్నది. ప్రాణం పోయిన పొడి టాల్కం పొడితో సమానం. ట్రైకోడెర్మా ఉత్పత్తులు 1968 నాటి పురుగుమందుల చట్టం పరిధిలోను, వామ్ వంటి జీవన ఎరువులు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల పరిధిలోను ఉన్నాయి. కొనుగోలు సమయంలో రైతు ఈ క్రింది విషయాలను సరిచూసుకోవాలి.

• ప్యాకెట్‌పై శిలీంధ్రం పేరు, నమోదు సంఖ్య, గ్రాముకు ఉన్న సజీవ కణాల సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ స్పష్టంగా ముద్రించి ఉండాలి. 
• గడువుకు చేరువైన సరుకు కన్నా ఇటీవల తయారైన సరుకును ఎంచుకోవాలి. నిల్వ కాలం పెరిగే కొద్దీ సజీవ కణాల సంఖ్య తగ్గుతుంది.
• దుకాణంలో ఎండ తగిలే చోట, రేకుల కప్పు కింద వేడిలో ఉంచిన ప్యాకెట్లను తీసుకోరాదు.
• ఇంటికి తెచ్చిన తరువాత రసాయన మందులతో, ఎరువులతో కలిపి ఉంచక, చల్లని నీడ ప్రదేశంలో విడిగా ఉంచాలి.
• రసీదు తప్పక తీసుకుని పంటకాలం పూర్తయ్యే వరకు భద్రపరచుకోవాలి.

ట్రైకోడెర్మా మంచిదో కాదో తెలుసుకోవడానికి వృద్ధి కుప్పయే సులభమైన పరీక్ష. తగిన తేమ, నీడ ఉండి కూడా పది రోజులకు కుప్పపై ఆకుపచ్చ పొర కనిపించకపోతే ఆ సరుకును అనుమానించి, వ్యవసాయ లేదా ఉద్యాన శాఖ అధికారి దృష్టికి తీసుకువెళ్ళాలి. నాటడానికి కనీసం రెండు వారాల ముందుగా కుప్ప వేసుకున్న రైతుకు సరుకు మార్చుకునే వ్యవధి కూడా మిగులుతుంది.

చేయరాని పనులు

ట్రైకోడెర్మా కూడా ఒక శిలీంధ్రమే. తెగులు శిలీంధ్రాన్ని చంపే మందు దీనిని కూడా చంపగలదు. ముఖ్యంగా కార్బెండజిమ్ దీనికి అత్యంత హానికరం. జీవ శిలీంధ్రాన్ని వేసిన నేలలో శిలీంధ్రనాశక మందు పోయవలసి వస్తే, రెండింటికీ నడుమ కనీసం 15 రోజుల వ్యవధి ఇవ్వాలి. మందు పోసిన తరువాత, ఆ వ్యవధి ముగిశాక, వృద్ధి చేసిన ట్రైకోడెర్మాను మరల అందించాలి. రసాయన ఎరువులతో కలిపి చల్లడం, మిట్టమధ్యాహ్నం ఎండలో వేయడం, పొడి నేలలో వేసి నీరు పెట్టకుండా వదిలివేయడం ఫలితాన్ని తగ్గిస్తాయి.

ఈ శిలీంధ్రాల పరిమితులను కూడా రైతులు గుర్తెరగాలి. ఆకుమచ్చ తెగుళ్ళకు నేలలో వేసిన ట్రైకోడెర్మాపైనే ఆధారపడరాదు. వాటికి ఆకుపై తగిన నివారణ చర్యలు తీసుకోవాలి. దుంపతొలుచు ఈగను కూడా ఇవి అరికట్టలేవు. అన్నింటికన్నా ముఖ్యంగా, నీరు నిలిచే చేలో ఏ శిలీంధ్రమూ పంటను కాపాడలేదు. నిలిచిన నీటిలో పిథియంకు బలం చేకూరుతుంది, గాలి అందక మేలుచేసే శిలీంధ్రం నీరసిస్తుంది. ఎత్తు మడులపై నాటడం, మురుగు కాలువలు తీయడం, వీలైన చోట బిందు సేద్యం అనుసరించడం, ఏటా అదే చేలో పసుపు వేయక పంట మార్పిడి చేయడం తప్పనిసరి. ఈ ఏర్పాట్లు ఉన్నప్పుడే శిలీంధ్రాల కాపలా సార్థకమవుతుంది.

తెగులు కనిపించిన చేలో

ముందు జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని చోట్ల తెగులు కనిపించవచ్చు. అటువంటప్పుడు నిలిచిన నీటిని వెంటనే బయటకు పంపాలి. తెగులు సోకిన మొక్కలను దుంపలతో సహా తవ్వి తీసి, చేనుకు దూరంగా తగులబెట్టాలి. గట్టుపైన గాని, కాలువలో గాని పారవేస్తే తెగులు నీటి వెంట మరల చేనులోకి వస్తుంది. మొక్కలు తీసిన గుంతలలోను, చుట్టూ ఉన్న మొక్కల మొదళ్ళలోను అధికారుల సిఫారసు మేరకు మందు ద్రావణం పోయాలి. ఈ దశలో ట్రైకోడెర్మా చల్లి ఊరుకోవడం వలన విలువైన సమయం వృథా అవుతుంది. చేనులో తెగులు సోకని భాగాలకు మాత్రం వృద్ధి చేసిన ట్రైకోడెర్మాను అందించి రక్షణ కొనసాగించవచ్చు. తెగులు వచ్చిన చోటును గుర్తు పెట్టుకుని, పంట తీసేటప్పుడు ఆ మడుల దుంపలను విత్తనానికి వాడకుండా వేరుచేయాలి.

ముందుచూపే రక్షణ

మేలుచేసే శిలీంధ్రాల వినియోగానికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. రెండు కిలోల పొడి, ఒక బండెడు కన్నా తక్కువ పశువుల ఎరువు, కొంత వేపపిండి, కాస్త బెల్లం, చెట్టు నీడ ఉంటే చాలు. కావలసినదల్లా ముందుచూపు. జూన్‌లో నాటదలచిన రైతు మే నెలలోనే విత్తనాన్ని ఏరుకుని, దిబ్బ ఎరువు మాగినదీ లేనిదీ చూసుకుని, నాటడానికి రెండు వారాల ముందే కుప్ప వేసుకోవాలి. ఆగస్టు వానలలో తెగులును ఎదుర్కొనే బలం మే, జూన్ మాసాలలో చేసిన ఈ పనుల నుండే వస్తుంది.

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన స్థానం, కేరళలోని కోజికోడ్‌లో గల భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ పసుపు సాగుపై పరిశోధనలు నిర్వహిస్తున్నాయి. తమ నేలకు, రకానికి తగిన మోతాదుల కొరకు రైతులు సమీపంలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని, ఉద్యాన శాఖ అధికారులను గాని సంప్రదించవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహాలు పొందవచ్చు. రైతు సోదరులు ఈ అవకాశాలను సద్వినియోగం చేసుకుని, తెగులు రాకమునుపే తమ పసుపు చేలకు రక్షణ ఏర్పరచుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.